మోకాలి మార్పిడి అయిన నాలుగు నెలలకి సింహాచలం గిరి ప్రదక్షిణ: వెళ్లొచ్చా, ఆగాలా?

సాగరతీరం:
ఆషాఢ పౌర్ణమి దగ్గరపడే కొద్దీ ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, ఒకే చోట మాట్లాడుకుందాం. మనిషికి అరవై దాటాయి. మార్చిలో ఒక మోకాలికి పూర్తి మార్పిడి ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి, ఇంట్లో కర్ర లేకుండా తిరుగుతున్నారు, సాయంత్రాలు విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో కాసేపు నడుస్తున్నారు. ఇప్పుడు తొలి పావంచా (కొండ దిగువన మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లూ తిరిగి రావాలని పట్టుదల. ఇంట్లో సగం మంది "మూడు నెలలు దాటాయిగా, ఇంకేం భయం" అంటారు. మిగతా సగం "కొత్త కీలు అరిగిపోతుంది, నడకే తగ్గించు" అంటారు. ఎవరి మాట వినాలి? నేల మీద కూర్చోవడం, మొక్కల పని, షటిల్ ఎప్పుడు మొదలెట్టొచ్చో కూడా చెప్పండి. లెక్కలతో చెబితే ఇంట్లో చూపించడానికి పనికొస్తుంది.

ఉదయపు నడక:
నడక తగ్గించమనడం తప్పు. ఆ ఆపరేషన్ చేసేదే నడవడానికి. చదును నేల మీద మామూలు నడకలో మోకాలి మీద పడేది ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు. మెట్లు దిగేటప్పుడు అది మూడున్నర దాకా వెళుతుంది. ఇప్పటి ఇంప్లాంట్లు (లోహం, ప్లాస్టిక్‌తో చేసి లోపల అమర్చే కృత్రిమ కీళ్లు) ఆ బరువుకి తయారైనవే. ఇంట్లో మంచం మీద కూర్చోబెడితే కీలు భద్రంగా ఉంటుందేమో గానీ తొడ కండరం కరిగిపోతుంది.

అయితే పెంచే పద్ధతి ఉండాలి. వాకర్ వదిలేసి ఆరో వారం దాటాక పూటకి 10 నిమిషాలు, రోజుకి రెండు పూటలు. వారానికి ఒక్క పూట నడకకే 5 నిమిషాలు కలపాలి, రెండో పూట జోలికి పోకూడదు. అలా పన్నెండో వారానికి ఒక పూట 40 నిమిషాలు, పదహారో వారానికి గంట అవుతుంది. బయట నడిచేటప్పుడు కర్ర ఆపరేషన్ అయిన కాలికి ఎదురు చేతిలో ఉండాలి, చేయి వదులుగా వేలాడేస్తే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే కర్ర పట్టుకుని అటే ఒరిగి నడుస్తారు, నడుం పట్టేస్తుంది.

ఇది పాటించినవాళ్లు రెండేసి కిలోమీటర్లకి ఒకసారి కూర్చుంటూ రాత్రంతా తీరిగ్గా నడిస్తే సగం ప్రదక్షిణైనా చేయొచ్చని నా అభిప్రాయం.

ఫిజియో_మద్దిలపాలెం:
పైన చెప్పిన నడక పట్టిక బాగుంది. కానీ దాని లెక్కే దానికి అడ్డం వస్తోంది చూడండి. పదహారో వారానికి గంట నడక అంటే ఆ వయసులో 4 కిలోమీటర్లు, గట్టిగా నడిస్తే 5. ప్రదక్షిణ 32. అడుగు 65 సెంటీమీటర్లు వేసుకుంటే 49 వేల అడుగులు, అందులో సగం కొత్త మోకాలి మీద. సగం ప్రదక్షిణ అన్నా 16 కిలోమీటర్లు, అప్పటిదాకా చేసిన అతి పెద్ద నడకకి మూడు నాలుగు రెట్లు. మధ్యలో కూర్చుంటే ఆయాసం తీరుతుంది, కీలులో చేరిన నీరు మాత్రం పది నిమిషాల్లో దిగదు.

లోహం, ప్లాస్టిక్ గురించి నాకూ బెంగ లేదు. నా బెంగ తొడ ముందు కండరం గురించి. ఆపరేషన్ అయిన మొదటి నెలలో దాని బలం సగానికి పైగా పడిపోతుంది. మోకాలు వాచి ఉన్నంత కాలం ఆ కండరానికి నరాల నుంచి పూర్తి ఆదేశం అందదు, మనం ఎంత బిగించినా సగమే బిగుస్తుంది. అందుకే ఎక్కువ నడిచి వాపు తెచ్చుకుంటే బలం పెరగకపోగా వెనక్కి పోతుంది. అప్పుడు మోకాలు బిగబట్టి ఈడ్చి నడుస్తారు, ఆ భారం తుంటి మీద, ఆపరేషన్ కాని రెండో మోకాలి మీద పడుతుంది. రెండోది అప్పటికే అరిగి ఉండటం మామూలే.

నెలలు లెక్కపెట్టే బదులు వీటిని ఇంట్లో చూసుకోండి. వెల్లకిలా పడుకుని కాలు చాపితే మోకాలి వెనక భాగం పరుపుని తాకాలి. వేళ్లు దూరేంత సందు ఉంటే కాలు ఇంకా పూర్తిగా చాచుకోలేదని అర్థం, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి రోజుకి మూడు నాలుగు సార్లు 10 నిమిషాలు వదిలేయాలి. హాయిగా ఉందని మోకాలి కిందే దిండు పెట్టుకుని పడుకోవడం వల్ల ఇది చెడుతుంది. చాపిన కాలు సున్నా అనుకుంటే మోకాలి ముడత (వంగడం) కనీసం 110 డిగ్రీలు రావాలి. చేతుల ఆసరా లేకుండా మామూలు కుర్చీ (సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తు) లోంచి 30 సెకన్లలో 12 సార్లు లేవగలగాలి. లేచేటప్పుడు బరువంతా మంచి కాలి మీదకి ఒరుగుతుంటే ఆ లెక్క చెల్లదు. 15 సెంటీమీటర్ల మెట్టు మీద ఆపరేషన్ కాలితో నిలబడి, రెండో మడమని నెమ్మదిగా నేలకి తాకించి పైకి రావాలి. పదిసార్లూ మోకాలు లోపలికి వాలకూడదు.

ఇవి కుదిరితే నడక పెంచే అర్హత వచ్చినట్టు. 32 కిలోమీటర్లకి అర్హత వచ్చినట్టు కాదు.

ఉదయపు నడక:
సగం అన్న మాట వెనక్కి తీసుకుంటాను, లెక్క సరైనదే. కానీ ఇంటివాళ్లతో కలిసి 4 కిలోమీటర్లు నడిచి, తర్వాత బండెక్కి, బస్సులో కొండ పైకి వెళ్లి దర్శనం చేసుకోమనడంలో తప్పేముంది? పన్నెండు వారాలు ఒక గురి పెట్టుకుని వ్యాయామం చేసిన మనిషికి అది కూడా వద్దంటే మనసు విరిగి అన్నీ మానేస్తారు. చదునైన ముక్క ఎంచుకోవాలి. హనుమంతవాక దాటాక సముద్రం వైపు దిగే వాలు మాత్రం వద్దు, దిగుడులో తొడ కండరం బ్రేకు వేస్తూనే ఉండాలి.

వార్డు_సిస్టర్:
ఆ 4 కిలోమీటర్లు కూడా చెప్పులు లేకుండా నడుస్తారు, అదే నా అభ్యంతరం. మోకాలి మార్పిడి చేయించుకునే వయసులో షుగర్ చాలామందికి ఉంటుంది. అరికాలు మొద్దుబారి ఉంటే గాజుపెంకు దిగినా, బొబ్బ చితికినా తెలియదు. కాలి పుండులోని క్రిమి రక్తంలో కలిసి ఇంప్లాంట్ దగ్గరికి చేరితే, లోహం మీద పొరలా అంటుకుని కూర్చుంటుంది, మందులకి సరిగ్గా లొంగదు. కొన్నిసార్లు కీలు తీసి మళ్లీ వేయాల్సి వస్తుంది. వేలమంది తోసుకుంటూ పోయే రాత్రి, వాన తడి, దారి పొడవునా కొబ్బరి చిప్పలు. షుగర్ ఉన్నవాళ్లు మెత్తటి బూట్లు వేసుకుంటే తప్ప అడుగు పెట్టవద్దు. దేవుడు ఆ మాత్రం అర్థం చేసుకుంటాడు.

ఇంకొకటి. బయల్దేరే ముందు నొప్పి మాత్ర వేసుకుని వెళ్లొద్దు. ఆగమని మోకాలు చెప్పే మాట వినిపించకుండా పోతుంది. నాలుగు నెలల తర్వాత కూడా మోకాలు కాస్త వెచ్చగా, సాయంత్రానికి కొంచెం ఉబ్బుగా ఉండటం సహజమే. పిక్క గట్టిపడి నొప్పి పెట్టడం, ఒక కాలు మొత్తం వాయడం, ఆయాసం, చలిజ్వరం, కుట్టు దగ్గర చీము లేదా నీరు కారడం సహజం కాదు. వీటిలో ఏది కనిపించినా ఐసు పెట్టుకుని చూద్దాం అనుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ ఉంటే అదే రోజు అని కూడా కాదు, ఆ నిమిషమే.

సాగరతీరం:
ఇసుక సంగతి ఎవరూ చెప్పలేదు. మెత్తగా ఉంటుంది, మోకాలికి దెబ్బ తగలదు అని మన ఊళ్లో అందరి నమ్మకం.

ఫిజియో_మద్దిలపాలెం:
మొదటి ఆరు నెలలు ఇసుక వద్దంటాను. పొడి ఇసుకలో పాదం దిగబడుతుంది, ప్రతి అడుగూ పీకి వేయాలి. అదే దూరానికి గట్టి నేల మీద కంటే రెట్టింపు దాకా శ్రమ. పాదం అటూ ఇటూ జారినప్పుడల్లా మోకాలు మెలిపడుతుంది. అందుకని నీటి అంచున తడి ఇసుక మీద నడుస్తారు, అది గట్టిగానే ఉంటుంది గానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఆర్కే బీచ్ నుంచి లాసన్స్‌బే వైపు వెళితే సముద్రం కుడి పక్కన, కుడికాలు దారంతా పల్లంలో పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎడమ కాలు కదా, సరిపోయిందిలే అనుకోవద్దు. పల్లం కాలు పొడవు చాలక సాగి బిగుసుకుంటుంది, మిట్ట కాలు అవసరానికి మించి వంగుతుంది. కొత్త మోకాలికి రెండూ పడవు. పైగా అల కాళ్ల కింద ఇసుకని లాగేస్తే తమాయించుకునేంత పట్టు ఇంకా రాలేదు.

ఉదయపు నడక:
ఇక్కడ నేను ఒప్పుకోను. బూట్లతో ఎప్పుడూ సిమెంటు మీదే నడిస్తే పాదానికి, చీలమండకి తూకం (ఒరగకుండా నిలబడే పట్టు) ఎలా వస్తుంది? నాలుగో నెల నుంచి వారానికి రెండుసార్లు, పక్కన మనిషిని పెట్టుకుని, మెట్ల దగ్గరి చదును ఇసుకలో 5 నిమిషాలు నడిస్తే మేలే చేస్తుంది. అసలు నడక మాత్రం బీచ్ రోడ్డు కాలిబాట మీదే. కాళీమాత గుడి నుంచి కురుసుర సబ్‌మెరైన్ మీదుగా వుడా పార్కు వైపు వెళితే కూర్చోవడానికి చోట్లు దొరుకుతాయి. తెల్లవారుజామున వాహనాలు ఆపేసే వేళ అయితే ఇంకా మంచిది.

ఫిజియో_మద్దిలపాలెం:
తూకం కావాలంటే వంటింటి గట్టు పట్టుకుని ఆపరేషన్ కాలి మీద 10 సెకన్లు నిలబడండి, రోజుకి పదిసార్లు. తర్వాత చేయి వదిలి, ఆ తర్వాత మడత పెట్టిన దుప్పటి మీద. పడితే పట్టుకోవడానికి గట్టు ఉంటుంది.

నాదబిందు:
నేల మీద కూర్చోవడం గురించి వీణ, సంగీతం నేర్పేవాళ్ల వైపు నుంచి చెబుతాను. కుర్చీలోంచి లేవడానికి 95 నుంచి 105 డిగ్రీల ముడత చాలు. బాసిపట్టు వేసుకోవడానికి అంతకంటే ఎక్కువ ముడతతో పాటు మోకాలి మెలిక కూడా కావాలి. బలవంతంగా నొక్కి కూర్చోబెట్టకూడదు. వీణని కుర్చీ ఎత్తుకి తెచ్చే స్టాండు మీద పెట్టి సాధన మొదలెట్టొచ్చు, ఆరో వారం నుంచే. ఒకే భంగిమలో 20 నిమిషాలకి మించి వద్దు, లేచి నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చోవాలి. ఎంతకాలమైనా సరే, కొందరికి బాసిపట్టు తిరిగి రాదు. దానికి శిష్యుల్ని నిందించే గురువులు మానుకోవాలి.

ఫిజియో_మద్దిలపాలెం:
బాగా చెప్పారు. కూర్చోవడం వేరు, నేల మీదకి దిగి లేవడం వేరు. రెండోది అందరూ నేర్చుకోవాలి, రేపు జారి పడితే లేవాలి కదా. మూడు నెలలు దాటాక, సర్జన్‌ని అడిగి, మెత్తటి పరుపు ముక్క మీద మొదలెట్టండి. ముందు గట్టి కుర్చీ పెట్టుకుని పట్టుకోండి. ఆపరేషన్ కాలిని వెనక్కి వేసి ఆ మోకాలిని దిండు మీద ఆనించండి. లేచేటప్పుడు మంచి పాదం ముందుకి వేసి నేలకి పూర్తిగా ఆనించి, దాని బలంతో లేవాలి. మోకరిల్లితే ఇంప్లాంట్ పాడవదు. కుట్టుకి బయటి వైపు మొద్దుగా, సూదులు గుచ్చినట్టు ఉంటుంది, అక్కడి చిన్న చర్మ నరం కోతలో తెగుతుంది కాబట్టి. గొంతుక్కూర్చోవడం మాత్రం వేరే సంగతి. అంత లోతు ముడతలో ప్లాస్టిక్ వెనక అంచు మీద ఒత్తిడి పడుతుంది, చాలామంది సర్జన్లు వద్దనే అంటారు. మిద్దె మీద కుండీలుంటే నడుం ఎత్తు బల్ల మీదకి చేర్చండి.

సిరిపురం_షటిల్:
షటిల్ గురించి క్లుప్తంగా. ముందునుంచీ ఆడే అలవాటు ఉన్నవాళ్లకే, ఆరు నెలలు దాటాక, డబుల్స్ మాత్రమే. సింగిల్స్ వద్దు, ఎగిరి కొట్టడం ఎప్పటికీ వద్దు. మొదటి మూడు వారాలు సగం కోర్టులో నిలబడి 15 నిమిషాల ర్యాలీలు. నెట్ దగ్గర పడే డ్రాప్‌కి ఆపరేషన్ కాలు ముందుకేసి లోతుగా వంగడమే ప్రమాదం, ఆ షటిల్‌ని వదిలేయడం అలవాటు చేసుకోవాలి. సిమెంటు కోర్టు మీద అసలే వద్దు. ఇంప్లాంట్ అరుగుదల మాట పక్కన పెట్టినా, పడితే దాని చుట్టూ ఎముక విరగొచ్చు, అది పెద్ద ఆపరేషన్. ఈత నయం. కుట్టు పూర్తిగా మానాక కొలనులో, చేతి కమ్మీ ఉన్న వైపు దిగాలి. కప్ప ఈత కాళ్లు మూడు నెలల దాకా వేయొద్దు, మోకాలు మెలిపడుతుంది.

సాగరతీరం:
ఇంట్లో చూపించాను. ఇప్పుడు వాళ్ల ప్రశ్న: ఈ రోజు ఎక్కువైందో, సరిపోయిందో ఎలా తెలుస్తుంది? మోకాలి క్యాప్ వేసుకుంటే ఇంకొంచెం నడవొచ్చా?

ఫిజియో_మద్దిలపాలెం:
క్యాప్ కండరానికి బదులు రాదు. వెచ్చగా, ధైర్యంగా అనిపిస్తుంది, అంతే. బిగువైనది వేసుకుంటే పిక్కలో వాపు చేరుతుంది.

కుట్టుపని టేపు తీసుకోండి. పొద్దున మంచం దిగకముందు, కాలు చాపి, మోకాలి చిప్ప సరిగ్గా మధ్యలో చుట్టుకొలత రాసుకోండి. నడిచిన మర్నాడు పొద్దున మళ్లీ కొలవండి. సెంటీమీటరుకి మించి పెరిగినా, నొప్పి ముందు రోజు కంటే ఎక్కువ ఉన్నా నిన్నటి నడక ఎక్కువైనట్టు. ఆ రోజు సగమే నడిచి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టుకుని, గుడ్డ చుట్టిన ఐసు 15 నిమిషాలు. కొలత దిగేదాకా కొత్తగా 5 నిమిషాలు కలపొద్దు. అలా ఒకసారి ఎక్కువైతే మాత్రం, మళ్లీ రెండు వారాలు వరసగా కొలత నిలకడగా ఉంటేనే పెంచండి. పౌర్ణమికి ముందు వారంలో ఆ కాగితం చూసి, 4 కిలోమీటర్ల మాట అప్పుడు అనుకోండి.

వార్డు_సిస్టర్:
ఆ కాగితం పక్కనే అరికాళ్లు కూడా రోజూ అద్దంలో చూసుకోమనండి. నా అభ్యంతరం అలాగే ఉంది: షుగర్ ఉంటే బూట్లు తప్పనిసరి, లేదంటే ఈ ఏడాదికి నేరుగా బస్సులో కొండెక్కడమే.