మృతుల ఫొటో కోసం వెళ్లిన ఇళ్లు మనసును వదలడం లేదు

ప్రశ్న: మండల విలేకరి

నేను 14 ఏళ్లుగా ఒక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేస్తున్నాను. జాతీయ రహదారి మా మండలం మధ్యగా పోతుంది కనుక ప్రమాద స్థలానికి కొన్నిసార్లు పోలీసులకంటే ముందే చేరుకోవడం, ఆ తర్వాత మార్చురీ దగ్గర నిలబడి బంధువులను అడిగి పేర్లు, వయసులు రాసుకోవడం నాకు అలవాటైపోయాయి. అయితే ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా కుంగదీసింది మృతదేహాలను చూడడం కాదు, మృతుల ఇంటికి వెళ్లి ఫొటో అడగడం. ఏడుస్తూనే వాళ్లు బీరువా తెరిచి ఆధార్ జిరాక్సో, పెళ్లి ఆల్బమో వెతుకుతుంటే, వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే డెస్క్ నుంచి "ఫొటో వచ్చిందా" అంటూ ఫోన్ మోగుతూనే ఉంటుంది.

మూడు నెలల కిందట ఇద్దరు పిల్లలు ఈతకని వెళ్లి క్వారీ గుంతలో మునిగి చనిపోయారు. అందులో ఒక పిల్లవాడి ఇంటికి వెళ్తే, వాళ్ల అమ్మమ్మ బడి గుర్తింపు కార్డు తీసి, కొంగుతో తుడిచి నా చేతికిస్తూ, "మళ్లీ తెచ్చిస్తావు కదా నాయనా" అని అడిగింది. తెస్తానన్నాను. ఆ కార్డు ఇప్పటికీ నా బండి డిక్కీలోనే ఉంది. ఆ వీధి వైపు వెళ్లలేక రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి వెళ్తున్నాను. నిద్ర సరిగా పట్టడం లేదు, ఫోన్ మోగితే గుండె దడదడలాడుతోంది, మా అబ్బాయి చెరువు గట్టున ఆడుకుంటానన్నా కసిరేస్తున్నాను. తోటివారికి చెబితే ఈ వృత్తిలో ఇవన్నీ మామూలే అంటున్నారు. ఇది నా బలహీనతా, జబ్బా? మీలో ఎవరైనా ఇలాంటిది అనుభవించారా?

జవాబు: టీవీ డెస్క్‌లో పనిచేసిన ఉపసంపాదకురాలు

అన్నయ్యగారూ, ఇది బలహీనత కాదు. నేను ఏనాడూ ఘటనా స్థలానికి వెళ్లలేదు, అయినా నాకూ ఇదే జరిగింది. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి తెల్లవారుజామున స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిన రోజున, నేను విజువల్స్ చూసే షిఫ్టులో ఉన్నాను. పరుగెత్తుతూనే రోడ్డు మీద కుప్పకూలిన మనుషుల దృశ్యాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పడుతూనే ఉన్నాయి. ప్రేక్షకులకు ముఖాలు కనిపించకూడదని మనం మసక వేయిస్తాం కదా, ఆ మసక వేయాలంటే ముందుగా ఆ ముఖాన్ని ఎవరో ఒకరు ఫ్రేము తర్వాత ఫ్రేము చూడాలి. ఆ రోజు చూసినదాన్ని నేను. బొమ్మకంటే శబ్దం ఎక్కువ కాలం వెంటాడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నుంచి తప్పనిసరైతే తప్ప శబ్దం పెట్టకుండా, తెరను చిన్నది చేసుకుని చూడడం, గ్రూపులో పంపేముందు "ఇందులో మృతదేహాలున్నాయి" అని ఒక మాట రాయడం అలవాటు చేసుకున్నాం.

కార్డు తిరిగి ఇవ్వడానికి ఒంటరిగా వెళ్లకండి, నమ్మకమైన వారిని ఒకరిని తోడు తీసుకువెళ్లండి.

జవాబు: స్టాఫ్ ఫొటోగ్రాఫర్

బిడ్డను పోగొట్టుకున్న ఆ ఇంటివాళ్ల దుఃఖం ముందు మన బాధను చెప్పుకోవడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. అందుకే ఇన్నేళ్లూ ఎవరితోనూ చెప్పలేదు. ఇది సరైనదేనా అన్న సందేహం నాకూ ఉంది.

జవాబు: మానసిక వైద్యుడు

ఫొటోగ్రాఫర్ గారూ, ఆ సిగ్గు వల్లనే చాలామంది మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు. వారి దుఃఖం పెద్దదైనంత మాత్రాన మీది లేకుండా పోదు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన రోగ నిర్ధారణ గ్రంథం అయిదో కూర్పు, ఉద్యోగంలో భాగంగా దారుణ ఘటనల వివరాలను పదే పదే ఎదుర్కోవడాన్ని కూడా ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతకు (పీటీఎస్‌డీ, అంటే దారుణ అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు) కారణాల్లో చేర్చింది. పని కోసం చూసే దృశ్యాలకూ ఇది వర్తిస్తుంది కాబట్టి డెస్క్‌లో కూర్చున్నవారికీ మినహాయింపు లేదు. టొరంటోకు చెందిన మానసిక వైద్యుడు ఆంథొనీ ఫైన్‌స్టీన్ 2002లో 140 మంది యుద్ధ విలేకరులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మతకు లోనైనవారు 28.6 శాతం ఉన్నారు. హింసా దృశ్యాలు చూసే న్యూస్‌రూమ్ సిబ్బందిపై ఆయన బృందమే 2014లో చేసిన అధ్యయనం, ఎంతసేపు చూశారన్నదానికంటే ఎంత తరచుగా చూశారన్నదే ఎక్కువ హాని చేస్తోందని తేల్చింది. నెలకు నాలుగైదు ప్రమాదాలు రాసే మండల విలేకరి ఈ మాటను గుర్తు పెట్టుకోవాలి.

చూడకుండా ఏ జబ్బో చెప్పడం తప్పు. కానీ నిద్రలేమి, ఉలికిపాటు, ఒక చోటును తప్పించుకు తిరగడం నెలకు మించి సాగుతున్నాయి కనుక మీరు తప్పకుండా వైద్యుణ్ణి కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిద్ర కోసం మద్యం మాత్రం వద్దు.

జవాబు: విశ్రాంత డెస్క్ ఇన్‌చార్జి

"ఫొటో వచ్చిందా" అని ఫోన్ చేసినవారిలో నేనూ ఒకణ్ణి. పేజీలు ముద్రణకు పంపే ఎడిషన్ క్లోజింగ్ దగ్గరపడుతోందన్న ఆత్రమే తప్ప, అవతల ఫోన్ ఎత్తిన మనిషి ఏ గుమ్మం ముందు నిలబడి ఉన్నాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అందుకు బాధపడుతున్నాను.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా కౌంటీ కోర్టు 2019లో, నేర వార్తలు రాసి మానసికంగా దెబ్బతిన్న ఒక విలేకరికి లక్షా 80 వేల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించాలని 'ది ఏజ్' పత్రిక యాజమాన్యాన్ని ఆదేశించింది. మన దగ్గర లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి ఇచ్చే డబ్బు మీద, బతికే విలేకరిని ఉద్యోగిగానే లెక్కించనప్పుడు, అతని నిద్ర గురించి ఎవరు జవాబు చెప్పాలి? ప్రెస్ క్లబ్బుల్లో, యూనియన్లలో ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రెడిటేషన్ (గుర్తింపు) కార్డుల గురించి మాట్లాడినంత గట్టిగా ఈ విషయం కూడా మాట్లాడాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారాలు. నిన్న మా ఫొటోగ్రాఫర్ మిత్రుణ్ణి తోడు తీసుకుని వెళ్లాను. ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మమ్మ మిరప కోతకు వెళ్లిందని, ఆదివారమైతే ఇంట్లోనే ఉంటుందని పక్కింటివాళ్లు చెప్పారు. కార్డు వాళ్లకిచ్చి రావచ్చు కానీ, ఆమె చేతికే ఇస్తానన్నాను కనుక ఇవ్వలేదు. ఇప్పుడది డిక్కీలో లేదు, నా చొక్కా జేబులో ఉంది. మంగళవారం జిల్లా ఆసుపత్రికి వెళ్తున్నాను.