డెవలపర్ మార్చాక కాపీలు మసకబారుతున్నాయి: టోనర్ సెన్సర్ మార్చాలా?

ప్రశ్న:
మా జిరాక్స్ షాపులోని మెషిన్‌కు ఈమధ్య డెవలపర్ (లోపల ఉండే పొడి మిశ్రమం) మార్పించాము. అప్పటి నుంచి కాగితంపై తెల్లగా ఉండవలసిన చోట బూడిదరంగు పొర వస్తోంది, యూనిట్ కింద టోనర్ రాలుతోంది. సెన్సర్ పోయిందని మెకానిక్ అంటున్నారు. అసలు టోనర్ ఎంత ఉందో ఆ సెన్సర్‌కు ఎలా తెలుస్తుందో దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఆ సెన్సర్ టోనర్‌ను నేరుగా కొలవదండి. డెవలపర్ అంటే అయస్కాంతానికి అంటుకునే క్యారియర్ రేణువులూ, అంటుకోని టోనర్ పొడీ కలిసిన మిశ్రమం. బరువులో టోనర్ వాటా చాలా మెషిన్లలో 4 నుంచి 8 శాతం వరకే ఉంటుంది. కాపీలు తీసేకొద్దీ టోనర్ తగ్గి, క్యారియర్ రేణువులు దగ్గరకు చేరడంతో మిశ్రమంలో అయస్కాంత గుణం పెరుగుతుంది. సెన్సర్ ఆ మార్పును వోల్టేజీ రూపంలో బోర్డుకు పంపుతుంది. అది ముందుగా నిర్ణయించిన విలువను దాటితే సప్లై మోటారు తిరిగి, బాటిల్ నుంచి టోనర్ పడుతుంది. ఆ విలువను కొత్త డెవలపర్ పోసిన వెంటనే సర్వీస్ మోడ్‌లో ఇనిషియల్ సెట్టింగ్ చేసి మెషిన్‌కు నేర్పాలి. అది చేశారో లేదో ముందు కనుక్కోండి.

రెండవ సమాధానం:
చాలా మోడళ్లలో డ్రమ్ము (టోనర్‌తో బొమ్మ ఏర్పడే గొట్టం) దగ్గర ఐడీ సెన్సర్, అంటే ఆ బొమ్మ ఎంత నల్లగా ఉందో చూసే సెన్సర్ కూడా ఉంటుంది. మెషిన్ డ్రమ్ముపై చిన్న నల్లని మచ్చ వేసి, దాని నుంచీ ఖాళీ డ్రమ్ము నుంచీ తిరిగి వచ్చే పరారుణ కాంతిని పోల్చి, టోనర్ లక్ష్యాన్ని సరిదిద్దుకుంటుంది. రాలిన టోనర్ దాని మీద పేరుకుంటే ఆ పోలిక తప్పుతుంది కనుక పొడి మెత్తని గుడ్డతో తుడిపించండి.

ప్రశ్న అడిగినవారు:
సెట్టింగ్ చేయలేదట. ఇప్పుడు చేయవచ్చా? వాన రోజుల్లో సమస్య మరీ ఎక్కువగా ఉంటోంది.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఇప్పుడే చేయవద్దు. బూడిదరంగు పొర వస్తూ టోనర్ రాలుతోందంటే మిశ్రమంలో టోనర్ ఎక్కువై ఉండవచ్చు. అలాంటి మిశ్రమంతో చేస్తే ఆ ఎక్కువే సరైనదని మెషిన్ గుర్తుపెట్టుకుంటుంది. సప్లై ఆపి, నిండా నల్లగా ఉండే కాపీలు కొన్ని తీసి చూడండి. పొర పోకపోతే కొత్త డెవలపర్ పోసి, కాపీ ఒక్కటీ తీయకముందే సెట్టింగ్ చేయించండి. గాలిలో తేమ పెరిగితే టోనర్‌పై విద్యుదావేశం తగ్గి, రేణువులు మరింత దగ్గరగా సర్దుకుంటాయి. దానితో టోనర్ అయిపోతోందని సెన్సర్ పొరబడి ఇంకా పోయిస్తుంది. వానాకాలంలో రాత్రిపూట కూడా మెషిన్ లోపల తేమ చేరకుండా ఉంచే హీటర్ పనిచేసేలా మెయిన్ ప్లగ్ తీయకుండా ఉంచండి. ఇవన్నీ చేశాక కూడా వోల్టేజీ కదలకుండా ఒకే చోట ఉంటే, అప్పుడు సెన్సర్‌ను అనుమానించవచ్చు.