డాక్టర్లు చట్టసభకు వెళ్లేవాళ్లా?

ప్రశ్న: మా పాప తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో మొదటి సంవత్సరం. నిన్న బాలాజీ కాలనీలో టీ తాగుతుంటే, "నాన్నా, పాత అమెరికాలో డాక్టర్లు ఎమ్మెల్యేలు అయ్యేవాళ్లా?" అని అడిగింది. ఎవరికైనా తెలుసా?

జవాబు: ఉన్నారన్నా. డేవిడ్ రామ్సే, 1749లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. చార్లెస్టన్‌లో వైద్యం చేస్తూ దక్షిణ కరోలినా చట్టసభకు వెళ్లాడు, ఆ రాష్ట్ర సెనేట్ (ఎగువసభ) అధ్యక్షుడయ్యాడు. నన్ను కదిలించేది ఆయన చావు. ఒక దర్జీకి మతిస్థిమితం లేదని కోర్టుకు చెప్పాడు. నిర్బంధం నుంచి బయటికొచ్చాక ఆ దర్జీయే 1815లో రామ్సేని వీధిలో కాల్చాడు. గాయాలతో ఉండి కూడా, "అతను పిచ్చివాడు, నేరం అతనిది కాదు" అన్నాడు రామ్సే.

మరొకరు: 1789లో అమెరికా విప్లవ చరిత్ర కూడా రాశాడు సార్, రోగులను చూస్తూనే!

అడిగినవారు: చాలా థాంక్స్ తమ్ముడూ. పాపకు సైకియాట్రీ అంటే ఇష్టం. రాత్రి భోజనాల దగ్గర ఇదే చెబుతాను.