నల్ల ఆకంటే నీడ మొక్కేనా? పైగా ఇది మెలనోక్రిసమా, మైకాన్సా?

బాల్కనీ_భారతి
అందరికీ నమస్కారం. మాది హైదరాబాదు, మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ. ఆరు వారాల కిందట ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర 1,400 పెట్టి ఫిలోడెండ్రాన్ మెలనోక్రిసం అనే తీగ మొక్క తెప్పించుకున్నాను. నాలుగాకుల పిల్ల మొక్క. ముదురు పచ్చలో నలుపు కలిసి, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉంది. మొన్న ఎదురింటి పిన్నిగారు నర్సరీలో 150కి మైకాన్స్ అని ఒక కుండీ తెచ్చుకున్నారు. రెండూ పక్కపక్కన పెడితే నాదేదో ఆవిడదేదో నాకే తెలియలేదు. మోసపోయానా?

ఇంకో సంగతి. అమ్మినాయన "నల్ల ఆకుల మొక్కలకి వెలుతురు పెద్దగా అక్కర్లేదు మేడమ్, హాల్లో ఓ మూలన పెట్టేయండి" అన్నాడు. టీవీ పక్కన పెట్టాను. అప్పట్నుంచి వచ్చిన రెండాకులూ బొటనవేలి గోరంతే. కణుపుకీ కణుపుకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. ఆయన చెప్పింది నిజమేనా?

కడియం_కుర్రోడు
అక్కా, అది ఆకుని చూస్తే తేలదు, కాడ పట్టుకుంటే తేలుద్ది. మా ఇంటి చుట్టూ నర్సరీలేనండి, చిన్నప్పట్నుంచి ఇదే పని. ఆకుకి కాస్త కింద, కాడని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా తిప్పండి. మెలనోక్రిసం అయితే సన్న రవ్వ అంటుకున్నట్టు గరుగ్గా తగులుద్ది. మైకాన్స్ కాడ పుల్లలా సన్నగా, నున్నగా ఉంటుంది. తర్వాత ఆకు తిరగేయండి. మైకాన్స్‌కి వెనకాల ఎరుపు తిరిగి ఉంటుంది, పైన ఈనెలు అంతగా కనపడవు. మెలనోక్రిసానికి ఈనెలు ముగ్గు గీసినట్టు తెల్లగా తేలతాయి. లేతాకు రాగి చెంబు రంగులో విచ్చుకుంటుంది.

పిల్లప్పుడు రెండూ తమలపాకు ఆకారమే, అక్కడే అందరూ పడేది. ఆసరా దొరికితే మెలనోక్రిసం ఆకు సాగి సాగి రెండడుగులకి కూడా పోద్ది. మైకాన్స్ మన కుండీలో ఎన్నేళ్లున్నా తమలపాకే.

కావాలనే మోసం చేశాడని మాత్రం అననండి. ట్రేలో చీటీ ఊడి పడిపోతే ఏది ఏదో మాకే గుర్తుండదు. లారీ ఎక్కేటప్పుడు ఒక పేరు, దిగేటప్పుడు ఒక పేరు.

మిద్దెతోట_మాస్టారు
పేరు ఏదైతే ఏమమ్మా? రెండూ ఫిలోడెండ్రాన్లే, రెండింటికీ నీళ్లు ఒకటే, మట్టి ఒకటే. మా గుంటూరులో 150ది పెంచుకున్నవాడూ సుఖంగానే ఉన్నాడు. 1,400 పెట్టింది చీటీకి, మొక్కకి కాదు.

ఇక నీడ సంగతి. ఆయన తప్పేం చెప్పలేదు. దట్టమైన అడవిలో కింద పెరిగే వాటికే ఆకు నలుపు తిరుగుతుంది. దొరికే గుక్కెడు వెలుతురునీ వదలకుండా తాగడానికి. వెనకాల ఎరుపు కూడా అందుకే, జారిపోయే వెలుతురుని మళ్లీ ఆకులోకి తిప్పి కొడుతుంది. ఎండలో పెడితే కమిలిపోతుంది. నల్ల ఆకు అంటే నీడ మొక్కే, ఇందులో చర్చకి ఏముంది?

వరంగల్_వనజ
చర్చకు చానా ఉంది మాస్టారూ. మీ లెక్కన మా రబ్బరు మొక్క సుత నీడలనే బతకాలె. బర్గండీ రకం, కొన్నప్పుడు నేరేడుపండు రంగు. ముచ్చటగా ఉందని వంటింటి మూలకు పెట్టిన. ఆర్నెల్లల్ల వచ్చిన ఆకులన్నీ పాలకూర రంగు! తూర్పు కిటికీ కాడికి జరిపితే మళ్ల కొత్తాకు నేరేడు రంగుల వచ్చింది. పాత పచ్చాకులు మాత్రం పచ్చగనే ఉన్నయ్, అవి మారయ్. బ్లాక్ కార్డినల్ అని ఇంకో ఫిలోడెండ్రాన్ ఉంది నా దగ్గర, దాని కథా ఇదే. వెలుతురు తగ్గిందంటే ముందు పోయేది ఆ నలుపే.

ఇగ జీజీ మొక్కల నల్ల రకం, రావెన్, చూడుర్రి. దాని చిగురు చిలక పచ్చ. మా చెల్లె చూసి "అక్కా, నీకు మామూలు జీజీ అంటగట్టిన్రు" అన్నది. కొన్ని వారాలు ఆగితే అదే కాకి నలుపైంది. అది మూలన కూడా బతుకుతది, నిజమే. గని నల్లగున్నందుకు కాదు, మట్టిల ఆలుగడ్డ లెక్క దుంపలున్నయ్, నీళ్లు దాచుకుంటది. మామూలు పచ్చ జీజీ సుత గట్లనే మూలన బతుకుతది కద?

మిద్దెతోట_మాస్టారు
రబ్బరుని ఇందులోకి లాగకండి వనజగారూ. అది మహావృక్షం, అడవిలో అన్నిటికంటే పైకి పోయే రకం. మేఘాలయలో వాగుల మీద వేళ్లతో వంతెనలు అల్లుకుంటారే, ఆ చెట్టు. దాని సొంత రంగు పచ్చ. నలుపు మనుషులు ఏరి పెంచుకున్న రకాలది. నేను మాట్లాడేది మఖమల్ ఆకుల గురించి. అలోకేసియా బ్లాక్ వెల్వెట్ అనే చిన్న చేమ జాతి మొక్కని ఏప్రిల్‌లో ఒక్క మధ్యాహ్నం మిద్దె మీద మరిచిపోయాను. సాయంత్రానికి ఆకు మధ్యలో అప్పడం కాల్చిన మచ్చలు.

డాలస్_తీగ
మాస్టారూ, అది నీడ కావాలని చెప్పడం కాదు కదా, నడినెత్తి ఎండ వద్దని చెప్పడం. ఆ రెండింటికీ మధ్య బోలెడంత వెలుతురు ఉంది. మొక్కలన్నీ బతికేది అక్కడే. ఆకు పైన అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. నీడ పడితే, దాని అంచు కాస్త మసగ్గా ఉంటే చాలు. అసలు నీడే పడకపోతే మనకి ఎంత వెలుగ్గా అనిపించినా ఆ మొక్కకి అది చీకటి కొట్టే. భారతిగారూ, మీ టీవీ పక్కన ఇది చేసి చూడండి.

ఎరుపు వెలుతురుని తిప్పి కొడుతుందన్న మాట నేనూ చాలాకాలం నమ్మాను. అది ఒక ఊహ మాత్రమే, పరీక్షించి చూసినప్పుడు కొన్ని మొక్కల్లో అది నిలబడలేదు. ఆకుల సందుల్లోంచి ఉన్నట్టుండి పడే ఎండకి అది గొడుగు అనేవాళ్లూ ఉన్నారు. అంటే మీ వాదనకి సరిగ్గా ఎదురు.

పేరుతో పనిలేదన్నారు, అక్కడ అస్సలు ఒప్పుకోను. మైకాన్స్‌ని వేలాడే బుట్టలో పెడితే జడలా దిగుతుంది, ముచ్చటగా ఉంటుంది. మెలనోక్రిసాన్ని అలా వేలాడదీస్తే ఆకులు ఎప్పటికీ పిల్లాకులే. దానికి నాచు చుట్టిన కర్ర కావాలి, ఆ నాచు తడిగా ఉండాలి, వేళ్లు అందులోకి దిగాలి. అప్పుడే ఆకు పెరుగుతుంది. మా ఇంట్లో చలికాలం హీటర్ వేసినప్పుడల్లా మెలనోక్రిసం అంచులు ఎండుటాకులా కరకరలాడతాయి, పక్కనే ఉన్న మైకాన్స్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కొలంబియాలో చోకో, ఆంటియోకియా వైపు తడిసి ముద్దయ్యే కొండవాలు దాని పుట్టిల్లు. ఏసీ గదిలో పెట్టి అలిగిందంటే ఎలా?

భారతిగారు సిగ్గుపడాల్సిందేం లేదు. దీనికి 1873లో మెలనోక్రిసం అని పేరు పెట్టింది పిల్ల మొక్కని చూసే. తర్వాత పెద్దాకుల మొక్కని చూసి అదేదో వేరే జాతి అనుకుని ఆండ్రియానమ్ అని ఇంకో పేరు పెట్టారు. రెండూ ఒకటేనని తర్వాత గానీ తేలలేదు. ఆండ్రియానమ్‌లో ఉన్న ఆండ్రే అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడి పేరే మన ఇళ్లలో కనపడే ఎర్ర ఆంథూరియానికీ ఉంది. వృక్షశాస్త్రం చదివినవాళ్లే పిల్లనీ తల్లినీ పోల్చుకోలేకపోయారు, మనమెంత?

కొత్తగా_వచ్చా
మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. మా అత్తయ్య వాళ్ల పెరట్లో నల్ల చేమ ఉంది, కాలవ పక్కన ఏపుగా పెరిగింది. అది చూసి నా బ్లాక్ వెల్వెట్‌కి కూడా రోజూ కుండీ నిండా నీళ్లు పోశాను. నెలకల్లా ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. కుండీ బోర్లిస్తే మట్టి ఇటుకలా ఒక్క ముద్దగా ఊడొచ్చింది. దుంప నొక్కితే మగ్గిన అరటిపండులా వేలు లోపలికి పోయింది. ఆ వాసన చెయ్యి మూడుసార్లు కడిగినా పోలేదు. రెండూ చేమలే కదా?

కడియం_కుర్రోడు
అయ్యో! పేరుకి ఒకే కుటుంబం గానీ కాపురాలు వేరండి. మీ అత్తయ్య గారిది కొలొకేసియా, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునే రకం. బ్లాక్ వెల్వెట్ బోర్నియోది, సున్నపురాళ్ల సందుల్లో నాలుగాకులు కుళ్లిన పొడిలో పెరిగే మరుగుజ్జు. దానికి ఎర్రమట్టి వేస్తే గొంతు నొక్కినట్టే. కొబ్బరి పొట్టు కొంచెం, పెరలైట్ అనే తేలికపాటి తెల్ల రాతి గుళికలు, చెక్క బెరడు ముక్కలు, గుప్పెడు బొగ్గు కలిపి చిన్న కుండీలో పెట్టండి. వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు. కుళ్లింది చాకుతో కోసేసి, లోపల గట్టిగా తెల్లగా ఏమన్నా మిగిలితే ఆరబెట్టి మళ్లీ నాటండి. బతకొచ్చు.

చేమ అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. కంద కోస్తే చేతులు దురద పెడతాయి చూశారా, ఆ దురదే ఈ ఫిలోడెండ్రాన్లలో, అలోకేసియాల్లో, జీజీలో కూడా ఉంది. ఇంట్లో పాకే పిల్లలుంటే అందనంత ఎత్తులో పెట్టండి. నల్లగా బావుందని పులుసులో మాత్రం వెయ్యకండి, ఆయ్.

వరంగల్_వనజ
మఖమల్ ఆకులున్నోళ్లు ఇంకోటి ఇనుర్రి. మెరిసేతందుకు ఆకులకు నూనె రాయకుర్రి. రబ్బరాకు తడిబట్టతోని తుడిస్తే అద్దం లెక్క అయితది, అదే పని మైకాన్స్‌కు చేస్తే మచ్చలే మిగుల్తయ్. ఎండిన మెత్తటి బ్రష్షు మంచిది. ఎండకాలం ఆకు ఎనక ఎర్రనల్లి చూసుకోవాలె. ముదురాకు మీద సాలెగూడు అంత తొందరగ కనపడది, దీపం పట్టి ఎతకాలె. వేపనూనె కొట్టాల్నంటే ముందు ఒక్కాకు మీద చూసుకొని కొట్టుర్రి.

మాస్టారూ, మెరిసే నలుపుకు వెలుతురు, మఖమల్ నలుపుకు నీడ అని ఇప్పుడు కొత్త సూత్రం తీయకుర్రి. రావెన్ మెరుస్తది, మూలన బతుకుతది. మైకాన్స్ మఖమల్, మా బాల్కనీల పొద్దుగాల ఎండ గంటసేపు తిని ఇంకా నిగనిగలాడుతంది.

బాల్కనీ_భారతి
ఇప్పుడే కాడ తిప్పి చూశాను. నున్నగా ఉంది. రెండోసారి, మూడోసారి, పిన్నిగారి కుండీతో పోల్చి కూడా చూశాను. ఆకు వెనకాల ఎరుపు. కొత్త చిగురు రాగి రంగు కాదు, లేత గులాబీ. టీవీ పక్కన చెయ్యి పెడితే నీడ పడలేదు. అమ్మినాయనకి ఫోటో పంపితే "పెద్దయ్యాక తెలుస్తుంది మేడమ్" అన్నాడు. డబ్బులు వచ్చేలా లేవు.

సాగిన తీగని మూడు ముక్కలు కోసి నీళ్ల సీసాలో పెట్టాను, అసలు కుండీని బాల్కనీ తలుపు దగ్గర వేలాడదీశాను. వేళ్లు వస్తే మాస్టారు గారికి ఒక ముక్క పంపనా?

మిద్దెతోట_మాస్టారు
పంపమ్మా. తూర్పు కిటికీలోనే పెడతాను. బ్లాక్ వెల్వెట్ విషయంలో మాత్రం నా మాట వెనక్కి తీసుకోను.