ఫ్లోటింగ్ లైసెన్సుల నుంచి పేరు మీద లైసెన్సులకి: రెండు షిఫ్టుల మ్యాపింగ్ ఆఫీసు ఎలా మారాలి?

ప్రశ్న (ఐటీ అడ్మిన్, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మాది మ్యాపింగ్ (జీఐఎస్) పనులు చేసే మధ్యరకం కంపెనీ. ఫైబర్ రూట్లు, గ్రామ పటాల డిజిటైజేషన్ ఎక్కువ. ఎస్రి కంపెనీ పాత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఆర్క్‌మ్యాప్ మీద 20 ఫ్లోటింగ్ (అందరూ వంతులవారీగా వాడుకునే) లైసెన్సులు ఉన్నాయి. పగటి షిఫ్టులో 24 మంది, రాత్రి షిఫ్టులో 18 మంది. ఒకళ్లు మూస్తే ఇంకొకళ్లు తెరుస్తారు, ఇన్నేళ్లూ అలాగే నడిచింది. ఇప్పుడు దాని బదులు వచ్చిన ఆర్క్‌జీఐఎస్ ప్రోకి, అదీ ఎస్రి క్లౌడ్ అయిన ఆర్క్‌జీఐఎస్ ఆన్‌లైన్ ఖాతాలతో, మారమని మేనేజ్‌మెంట్ అంటోంది. మనిషికో లైసెన్స్ అంటే 42 కొనాలా? అంత బడ్జెట్ లేదు. సీటుకో ఖాతా తెరిచి, రెండు షిఫ్టుల వాళ్లూ అదే పాస్‌వర్డ్ వాడితే కుదురుతుందా? నెలాఖరుకి ప్లాన్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం (జీఐఎస్ అడ్మిన్, విశాఖపట్నం)

ముందు ఆ పాస్‌వర్డ్ పంచుకునే ఆలోచన వదిలేయండి సార్. నేమ్డ్ యూజర్ లైసెన్స్, అంటే పేరు మీద లైసెన్స్, ఒక మనిషికి ఇచ్చేది. ఆ మనిషి ఒకేసారి మూడు కంప్యూటర్ల దాకా లాగిన్ అయి ఉండొచ్చు కాబట్టి పైకి పని జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ అది లైసెన్స్ ఒప్పందానికి విరుద్ధం. దానికి మించిన నష్టం ఇంకోటి ఉంది. ఆన్‌లైన్ లేయర్లలో (పటం పొరల్లో) ట్రాకింగ్ ఆన్ చేసి ఉంటే, ఎవరు ఏ పాలిగన్ (హద్దు గీసిన ఆకారం) మార్చారో ఆ ఖాతా పేరుతోనే నమోదవుతుంది. రేపు సర్వే నంబరు హద్దు తప్పు పడితే రాత్రి షిఫ్టు వాళ్లు చేశారా, పగటి వాళ్లు చేశారా అన్నది ఆ పేరుతో తేలదు. ఏ తప్పూ చేయని కుర్రాడి మీద నింద పడుతుంది. షిఫ్టు మారినప్పుడల్లా లైసెన్సు ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇవ్వడం కూడా సరికాదు. ఉద్యోగం మానేసినవాళ్లదో, ఇక ఆ సాఫ్ట్‌వేర్ అవసరం లేనివాళ్లదో వేరొకరికి మార్చుకోవచ్చు గానీ, రోజువారీగా తిప్పడానికి ఆ వెసులుబాటు ఇవ్వలేదు.

అలాగని 42 ఒకే రకం కొనాల్సిన పని లేదు. ఫ్లోటింగ్‌లో మనం లెక్కపెట్టేది సీట్లను. ఇక్కడ లెక్కపెట్టాల్సింది మనుషుల్ని, వాళ్లు చేసే పనిని. ఫ్లోటింగ్ లైసెన్సులు పంచే మీ లైసెన్స్ మేనేజర్ సర్వర్‌లో లాగ్ ఫైల్ ఉంటుంది. అందులో లైసెన్స్ తీసుకున్నప్పుడల్లా అవుట్ అని, తిరిగి ఇచ్చినప్పుడు ఇన్ అని, దొరకనప్పుడు డినైడ్ అని యూజర్ పేరుతో సహా పడుతుంది. కనీసం ఒక క్వార్టర్ లాగ్ తీసి ఎక్సెల్‌లో పెట్టండి. రోజంతా ఆర్క్‌మ్యాప్‌లో గీసేవాళ్లెవరో, క్లయింటుకి చూపించడానికో ప్రింటు తీయడానికో మాత్రమే తెరిచేవాళ్లెవరో పేర్లతో తేలిపోతుంది. స్పేషియల్ అనలిస్ట్, నెట్‌వర్క్ అనలిస్ట్ లాంటి ఎక్స్‌టెన్షన్లు (అదనపు టూల్స్) నిజంగా ఎవరు వాడుతున్నారో కూడా అందులోనే కనబడుతుంది. వాటినీ మనిషి పేరు మీదే కేటాయించాలి కాబట్టి ఈ లెక్క చాలా ముఖ్యం.

ఆ తర్వాత యూజర్ టైపులు (ఖాతా రకాలు) పంచండి. 2024లో వీటిని మార్చారు. పాత కొటేషన్ చూసి మోసపోవద్దు. ఇప్పుడు క్రియేటర్ టైపుతోనే ప్రో బేసిక్ స్థాయి వస్తుంది. ప్రొఫెషనల్‌తో స్టాండర్డ్, ప్రొఫెషనల్ ప్లస్‌తో అడ్వాన్స్‌డ్ వస్తాయి. ఫైల్ జియోడేటాబేస్‌లో (పటాల డేటా దాచే ఫోల్డరులో) ఫైబర్ రూట్లు గీసేవాళ్లకి బేసిక్ సరిపోతుంది. గ్రామ పటాల వాళ్లు జియోడేటాబేస్ టోపాలజీ (హద్దులు సరిగ్గా కలవాలనే నియమాలు) కట్టి ఖాళీలు, అతివ్యాప్తులు చూస్తారు కదా, వాళ్లకి స్టాండర్డ్ కావాలి. ఎంటర్‌ప్రైజ్ జియోడేటాబేస్‌లో (సర్వర్ మీద అందరూ కలిసి వాడేది) ఎడిట్ చేసేవాళ్లకీ అంతే. చూసి కామెంట్ పెట్టే మేనేజర్లకి వ్యూయర్ చాలు, ఫీల్డుకి వెళ్లేవాళ్లకి మొబైల్ వర్కర్ చాలు. ఈ వడపోత అయ్యాక మిగిలే సంఖ్యతో కొటేషన్ అడగండి. మీ 20 ఫ్లోటింగ్ లైసెన్సులకి మెయింటెనెన్స్ కడుతూ వస్తుంటే, వాటి బదులు ఏమిస్తారో కూడా రాతపూర్వకంగా అడగండి. కొత్తగా కొంటున్నట్టు మొదలుపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండీ. లాగ్ సంగతి నాకు తట్టనే లేదు. ఇంకో భయం ఉంది. మా క్లయింట్ల ఒప్పందాల్లో డేటా దేశం దాటకూడదని రాసి ఉంటుంది. లాగిన్ క్లౌడ్‌లో అంటే మా పటాలన్నీ క్లౌడ్‌లోకి పోతాయా?

సమాధానం (సర్వే, జీఐఎస్ కన్సల్టెంట్, విజయవాడ)

పోవండి. చాలామంది ఈ రెండిటినీ కలిపేసి కంగారు పడుతున్నారు. ప్రో తెరిచినప్పుడు క్లౌడ్‌కి వెళ్లేది మీరెవరో, మీకు ఏ లైసెన్స్ ఉందో తేల్చుకునే లాగిన్ మాత్రమే. మీ ఫైల్ జియోడేటాబేస్ మీ సర్వర్‌లో ఉంటే అక్కడే ఉంటుంది. ముఖ్యంగా ఎవరైనా షేర్ ట్యాబ్‌లోకి వెళ్లి వెబ్ లేయర్‌గా పబ్లిష్ చేసినప్పుడు డేటా బయటికి వెళ్తుంది. ప్రమాదం అక్కడే ఉంది, ఎందుకంటే ఇప్పుడు ఆ బటన్ అందరి చేతిలోనూ ఉంటుంది.

అందుకే మొదటి ఖాతా తెరవకముందే కస్టమ్ రోల్ (ఏ హక్కులుండాలో మనమే ఎంచుకునేది) తయారు చేయండి. హోస్టెడ్ (క్లౌడ్‌లో ఉంచే) లేయర్లు పబ్లిష్ చేసే హక్కు, సంస్థ బయటివాళ్లతో పంచుకునే హక్కు అందులో తీసేయండి. కొత్తగా చేరేవాళ్లకి అదే డిఫాల్ట్ రోల్‌గా పెట్టండి. పబ్లిష్ చేసే పని ఒకరిద్దరికే ఉండాలి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన జియోస్పేషియల్ (పటాల డేటా) మార్గదర్శకాల్లో డేటా ఖచ్చితత్వానికి అడ్డంగా 1 మీటరు, నిలువుగా 3 మీటర్లు అని పరిమితి పెట్టారు. అంతకంటే సూక్ష్మమైన డేటాని మన దేశంలోనే దాచాలి, ఇక్కడే ప్రాసెస్ చేయాలి. గ్రామ పటాల రీసర్వే డేటా చాలావరకు ఈ కోవలోకే వస్తుంది. దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టే ముందు స్టోరేజీ ఏ దేశంలో ఉంటుందో ఎస్రి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. క్లయింట్ లాగిన్ కూడా బయటికి వెళ్లకూడదంటే, సొంత సర్వర్‌లో ఆర్క్‌జీఐఎస్ ఎంటర్‌ప్రైజ్ పోర్టల్ పెట్టుకుని అక్కడి నుంచే పేరు మీద లైసెన్సులు ఇవ్వొచ్చు. కాకపోతే సర్వర్, సర్టిఫికెట్, బ్యాకప్ అన్నీ మీ నెత్తినే ఉంటాయి.

క్రెడిట్లు (ఆన్‌లైన్ సేవలు వాడితే ఖర్చయ్యే యూనిట్లు) కూడా చూసుకోండి. ప్రోలో అడ్రస్ జాబితా ఇచ్చి ఆన్‌లైన్ జియోకోడర్ (అడ్రసు పటంలో ఎక్కడుందో చూపేది) నడిపితే 1,000 అడ్రసులకి 40 క్రెడిట్లు ఖర్చవుతాయి. తెలియక 25,000 అడ్రసులు ఒక్కసారి నడిపితే 1,000 క్రెడిట్లు పోయినట్టే. క్రెడిట్ బడ్జెట్ ఆన్ చేసి ఒక్కొక్కరికీ పరిమితి పెట్టండి.

సమాధానం (ఫీల్డ్ కోఆర్డినేటర్, కర్నూలు)

ఊళ్లలో నెట్ ఉండదు కాబట్టి ల్యాప్‌టాప్‌తో వెళ్లేవాళ్ల గురించి చెబుతాను. ప్రోలో లైసెన్సింగ్ పేజీలో ఆఫ్‌లైన్‌గా పనిచేయడానికి టిక్ పెట్టుకోవచ్చు. పెట్టాక ఆ లైసెన్స్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే కట్టేసినట్టు, ఇంకో మెషీన్‌లో ఆ మనిషి ప్రో వాడలేరు. తిరిగొచ్చాక అదే ల్యాప్‌టాప్‌లో నెట్ కలిపి టిక్ తీసేయాలి. తీయకుండా ఫార్మాట్ కొట్టినా, హార్డ్ డిస్క్ పోయినా లైసెన్స్ అందులోనే ఇరుక్కుంటుంది. ల్యాప్‌టాప్ రిపేరుకి ఇచ్చే ముందు ఇది చూడాలని స్టోర్ వాళ్లకీ చెప్పి పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

మా ఆఫీసు ప్రాక్సీ వెనక ఉంది. ఒక మెషీన్‌లో ట్రయల్ వేసి చూస్తే లాగిన్ స్క్రీన్ తెల్లగా వచ్చి ఆగిపోతోంది.

సమాధానం (నెట్‌వర్క్ ఇంజినీరు, బెంగళూరు)

పాత లైసెన్స్ మేనేజర్‌కి లోపలి నెట్‌వర్క్‌లో పోర్టులు తెరిస్తే సరిపోయేది. ప్రో లాగిన్‌కి ఆర్క్‌జీఐఎస్ డాట్ కామ్, ఎస్రి డాట్ కామ్ రెండిటికీ, వాటి సబ్‌డొమైన్లతో సహా, బయటికి 443 పోర్టు కావాలి. పేజీ తెల్లగా వస్తోందంటే చాలాసార్లు మీ ప్రాక్సీ (బయటి నెట్‌కి మధ్యలో ఉండే సర్వర్) హెచ్‌టీటీపీఎస్‌ని, అంటే ఎన్‌క్రిప్ట్ అయిన ట్రాఫిక్‌ని, విప్పి చూస్తోందని అర్థం. ఆ రెండు డొమైన్లకీ ఆ తనిఖీ మినహాయించి మళ్లీ చూడండి.

ఇంకో మాట బ్రదర్. ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ మీద ఉంటే విడి పాస్‌వర్డులు ఇవ్వొద్దు, ఎస్ఏఎంఎల్ లాగిన్ (ఆఫీసు ఖాతాతోనే లోపలికి వెళ్లే పద్ధతి) పెట్టండి. ఉద్యోగి వెళ్లిపోయిన రోజు మెయిల్ ఆపితే మ్యాపింగ్ లాగిన్ కూడా ఆగుతుంది. లైసెన్స్ మాత్రం దానంతటది ఖాళీ అవ్వదు, ఆన్‌లైన్‌లో ఆ మెంబర్ దగ్గర తీయాలి. ఆయన ఫైళ్లు, గ్రూపులు వేరొకరికి బదిలీ చేశాకో, తీసేశాకో ఖాతా తొలగించగలరు. అడ్మిన్లు ఇద్దరు ఉండాలి. అందులో ఒకరికైనా ఎస్ఏఎంఎల్‌తో సంబంధం లేని ఖాతా ఉంచండి, సర్టిఫికెట్ గడువు అయిపోయినప్పుడు అదే కాపాడుతుంది.

సమాధానం (జీఐఎస్ అడ్మిన్, విశాఖపట్నం)

లైసెన్సుల హడావుడిలో డేటాని మరిచిపోకండి. మీ పాత గ్రామ పటాలు ఎండీబీ ఫైళ్లలో, అంటే పర్సనల్ జియోడేటాబేస్‌లో ఉంటే ప్రో వాటిని తెరవదు. ఆర్క్‌మ్యాప్ ఉండగానే అన్నిటినీ ఫైల్ జియోడేటాబేస్‌లోకి మార్చేయండి. నిజానికి అన్నిటికంటే ముందు మొదలుపెట్టాల్సిన పని ఇదే. ఎంఎక్స్‌డీలు (ఆర్క్‌మ్యాప్ పటం ఫైళ్లు) ప్రోలోకి ఇంపోర్ట్ అవుతాయి, పాత ఫైలుకి ఏమీ కాదు. పైథాన్ స్క్రిప్టులు 2.7 నుంచి 3కి మార్చాలి. మ్యాప్ ప్రింట్లు తీసే స్క్రిప్టుల్లో ఆర్క్‌పై (ఎస్రి పైథాన్ లైబ్రరీ) మ్యాపింగ్ మాడ్యూల్ ఉంటే అది ప్రోలో లేదు, దాని స్థానంలో ఎంపీ అనే మాడ్యూల్ వచ్చింది, కాబట్టి వాటిని కూర్చుని తిరగరాయాల్సిందే.

ఒకే మెషీన్‌లో ఆర్క్‌మ్యాప్ పాత లైసెన్స్ సర్వర్ మీద, ప్రో కొత్త లాగిన్ మీద పక్కపక్కనే నడుస్తాయి. ముందు ఫైబర్ టీమ్‌లో నలుగురిని మార్చి ఒక ప్రాజెక్టు పూర్తిగా చేయించండి. ఆ సమయంలో ప్రోలో అట్రిబ్యూట్ రూల్స్ (విలువలు నింపే, తనిఖీ చేసే నియమాలు) లాంటివి పెట్టనివ్వకండి, పెడితే ఆ లేయర్ ఆర్క్‌మ్యాప్‌లో తెరుచుకోదు. ఆర్క్‌మ్యాప్ సపోర్టుకి 2026 మార్చి 1 ఆఖరి తేదీగా ప్రకటించారు, ఆ విషయం మేనేజ్‌మెంట్‌కి ఇచ్చే ప్లాన్‌లో మొదటి పేరాలోనే రాయండి.

సమాధానం (ఫ్రీలాన్సర్, వరంగల్)

బడ్జెట్ ఇంకా సరిపోకపోతే, ఫైళ్లు తెరిచి చెక్ చేసేవాళ్లకి క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టండి సార్. ఉచితం, ఫైల్ జియోడేటాబేస్ చక్కగా తెరుస్తుంది. ఎడిటింగ్ మాత్రం ప్రోలోనే ఉంచండి. ఒకే ఫైలుని రెండు సాఫ్ట్‌వేర్లతో మార్చడం మంచిది కాదు.

ప్రశ్న అడిగినవారు

లాగ్ తీయడం మొదలుపెట్టానండీ. ఎండీబీ ఫైళ్ల జాబితా కూడా చేయిస్తున్నాను. మెషీన్లన్నిటిలో ప్రో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎవరూ లైసెన్స్ రకం మార్చకుండా ఆపొచ్చా?

సమాధానం (నెట్‌వర్క్ ఇంజినీరు, బెంగళూరు)

ఆపొచ్చు. సైలెంట్ ఇన్‌స్టాల్ (స్క్రీన్లు అడగకుండా జరిగేది) కమాండ్‌లో ఆథరైజేషన్ టైప్‌ని నేమ్డ్ యూజర్ అని ఇచ్చి, లాక్ ఆథ్ సెట్టింగ్స్‌ని ట్రూ చేయండి. యూజర్లకి ఆ ఆప్షన్ మార్చే వీలుండదు.