మా టూల్‌ను జూనియర్లు ఎందుకు వాడట్లేదు?

అడిగినవారు, హన్మకొండ:
అందరికీ నమస్తే. మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కొత్తగా చేరినవాళ్ల లాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ సెటప్ చేయడానికి ఒక టూల్ రాశాను. ఒక్క కమాండ్ కొడితే కోడ్ దించుకుంటుంది, డేటాబేస్ పెడుతుంది, శాంపిల్ డేటా నింపుతుంది. డాక్యుమెంటేషన్ కూడా ఉంది. అయినా ప్రతివాళ్లూ "అన్నా, ఒకసారి వచ్చి చూడవా" అని నన్నే పిలుస్తున్నారు. ఇంకా ఏ ఫీచర్లు పెట్టాలంటారు?

జవాబు, కాజీపేట:
ఫీచర్ల సంగతి పక్కన పెట్టండి. ఫెయిలైనప్పుడు స్క్రీన్ మీద ఏం వస్తుందో చెప్పండి. అంతా సాఫీగా సాగితే ఏ టూలైనా బాగానే కనిపిస్తుంది.

అడిగినవారు:
ఎక్కువగా వచ్చేది "ఎర్రర్: కనెక్షన్ ఫెయిల్డ్". దాని కింద పేజీ నిండా ట్రేస్, అంటే కోడ్‌లో ఏయే లైన్ల మీదుగా ఆ ఎర్రర్ వచ్చిందో చూపే జాబితా.

జవాబు, కాజీపేట:
మరి మిమ్మల్ని పిలవక ఏం చేస్తారు! ఏ కనెక్షన్? నెట్టా, డేటాబేసా? నిన్న చేరిన పిల్లకు ఎట్లా తెలుస్తుంది? ఇలా మార్చి చూడండి: "డేటాబేస్ 5432 పోర్టులో పలకడం లేదు. పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ ప్రోగ్రామ్) ఆగిపోయిందేమో చూడండి. స్టార్ట్ చేసి ఇదే కమాండ్ మళ్లీ కొట్టండి." ట్రేస్‌ను లాగ్ ఫైల్లోకి పంపి, ఆ ఫైల్ ఎక్కడుందో చివర్లో ఒక లైను రాస్తే చాలు.

పెద్ద టూల్స్ కూడా ఇదే దారిలో నడిచాయి. పైథాన్ భాష 2021లో వచ్చిన 3.10 వెర్షన్ నుంచి, వేరియబుల్ పేరు తప్పు కొడితే "మీ ఉద్దేశం ఇదా?" అని దగ్గరి పేరు చూపిస్తోంది. తర్వాతి ఏడాది 3.11లో, లైన్లో ఏ ముక్క దగ్గర తేడా కొట్టిందో దాని కిందే గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. రస్ట్ భాషలో కోడ్‌ను మెషిన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలరైతే చాలాసార్లు ఏం మార్చాలో కూడా రాసిస్తుంది. అంత కఠినమైన భాషను జనం ఓపిగ్గా నేర్చుకోవడానికి అదీ ఒక కారణమని నా నమ్మకం.

జవాబు, కరీంనగర్:
ఇదంతా ఎందుకండీ, ప్రోగ్రామ్‌కు కావాల్సినవన్నీ ఒకే డబ్బాలో సర్ది నడిపే డాకర్‌లో పెట్టేస్తే గొడవే ఉండదు.

జవాబు, కాజీపేట:
8 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లో డాకర్, బ్రౌజర్, ఎడిటర్ మూడూ తెరిచి చూడండి, మళ్లీ మాట్లాడుకుందాం.

జవాబు, మడికొండ:
నాదొక ప్రశ్న. సెటప్ మధ్యలో కరెంటు పోయి రౌటర్ ఆగిందనుకోండి. వచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే ఏమవుతుంది?

అడిగినవారు:
"టేబుల్ ఇప్పటికే ఉంది" అని ఆగిపోతుంది. డేటాబేస్ మొత్తం తీసేసి మొదటి నుంచి చేయాలి.

జవాబు, మడికొండ:
అసలు భయం అక్కడే ఉంది. రెండోసారి కొడితే ఏం పాడవుతుందో అని చేతులు ముడుచుకుని మిమ్మల్ని పిలుస్తున్నారు. ప్రతి అడుగుకీ ముందు "ఇది అయిపోయిందా?" అని టూలే చూసుకోవాలి. అయిపోతే దాటేయాలి, సగంలో ఉంటే పూర్తి చేయాలి. ఎన్నిసార్లు కొట్టినా ఫలితం ఒకటే రావాలి. ఏదైనా చెరిపేసే ముందు డేటాబేస్ పేరు చూపించి అడగాలి, ఉత్త "అవునా, కాదా" అంటే అలవాటుగా ఎంటర్ కొట్టేస్తారు. డ్రై రన్ ఒకటి ఉంటే, ఏమీ ముట్టుకోకుండా ఏమేం చేయబోతోందో చూసుకోవచ్చు. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ కమాండ్లను తిట్టుకోనివాళ్లు లేరు, కానీ కమిట్ చేసిన (అందులో భద్రపరిచిన) పని పోయిందనుకున్నా దాని రీఫ్‌లాగ్ అనే జాబితాలో సాధారణంగా దొరుకుతుంది. ఆ ధైర్యంతోనే దాంతో కుస్తీ పడతాం.

ఇంకోటి, శాంపిల్ డేటా నింపేటప్పుడు స్క్రీన్ మూగగా ఉంటుందా? ఏదో ఒకటి కదలాలి. లేకపోతే హ్యాంగయిందనుకుని కంట్రోల్ సీ కొట్టి ఆపేస్తారు.

అడిగినవారు:
మూగగానే ఉంటుంది! సరే, ముందు రీరన్ సంగతి చూస్తాను, తర్వాత మెసేజ్‌లు. మెసేజ్‌లు తెలుగులో పెట్టొచ్చా?

జవాబు, కాజీపేట:
వివరణ తెలుగులో పెట్టండి, కానీ అసలు ఎర్రర్ లైనును ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టే వదిలేయండి. నెట్‌లో వెతకాలంటే అదే కావాలి. విండోస్ పాత కమాండ్ ప్రాంప్ట్‌లో గుణింతాలు, ఒత్తులు విడిపోయి చదవరాకుండా వస్తాయి. కాబట్టి ముందు ఒక జూనియర్ లాప్‌టాప్‌లో రెండు లైన్లు ప్రింట్ చేయించి చూడండి. అక్కడ సరిగా రాకపోతే తేలిక ఇంగ్లీషే నయం.