ఆసుపత్రి స్టాండులో చీటీ పోయిందని 460 రూపాయలు కట్టించుకున్నారు, ఏం చేయొచ్చు? (కర్నూలు)

హంద్రీ ఒడ్డు:

అందరికీ నమస్కారం. మాది పత్తికొండ వైపు ఒక పల్లె. పోయిన నెల ఒక సోమవారం రాత్రి మా అమ్మకు పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి కదల్లేదు. అంబులెన్సులో అమ్మను, మా ఇంటామెను ఎక్కించి కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపి, నేను వెనకాలే బండి మీద వచ్చినా. గేటు పక్కన స్టాండు ఉంటే బండి పెట్టి, 20 రూపాయలిచ్చి, పిల్లోడు ఇచ్చిన చీటీ చొక్కా జేబులో వేసుకొని లోపలికి ఉరికినా. బోర్డు చదివే తీరిక ఎక్కడుంది.

ఏడు రోజులు ఉన్నాం. నేను ఐసీయూ బయట వరండాలోనే పడుకున్నా, బండి ఒక్కసారి కూడా కదిలించలేదు. మూడో రోజు మా ఇంటామె కొళాయి దగ్గర చొక్కా ఉతికింది, జేబులో చీటీ ఉందని ఇద్దరికీ గుర్తు లేదు. తీసి చూస్తే పిండిముద్ద అయింది, మీద రాసిన బండి నంబరు నీలం మరక లాగా కనిపిస్తోంది అంతే.

తర్వాతి సోమవారం సాయంత్రం డిశ్చార్జ్. బండి తీయబోతే వెనక చక్రానికి గొలుసు వేసి ఉంది. పన్నెండు గంటలకు 20 చొప్పున ఏడు రోజులకు 280, ముందు ఇచ్చిన 20 పోను 260, చీటీ పోయినందుకు ఫైను 200, మొత్తం 460 అన్నాడు స్టాండు పిల్లోడు. ఆర్సీ చూపించమన్నాడు, కాగితం ఇంట్లో ఉంది. చీటీ ముద్ద చూపించినా, కాల్ చేసి ఊర్లో వాళ్ళతో మాట్లాడించినా, వినలేదు. అమ్మ ఆటోలో కూర్చోలేక ఒక పక్కకు ఒరిగిపోతోంది, ఆటో ఆయన తొందరపెడుతున్నాడు. నలభై నిమిషాలు ఆ ఎండవేడిలో నిలబడి చివరికి ఫోన్‌పే చేసినా. డబ్బులు ఎవరో ఒక మనిషి పేరు మీదికి పోయినాయి, ఆసుపత్రి పేరు కాదు. రసీదు అడిగితే "చీటీయే రసీదు" అన్నాడు.

నా ప్రశ్నలు మూడు. ఇట్ల వసూలు చేయడం చెల్లుతుందా? తెలంగాణలో పార్కింగ్ ఉచితమని జీవో ఉందంటున్నారు, అది మనకు పనికొస్తుందా? నాకు అన్నిటికంటే పెద్ద టెన్షన్ మూడోది. అమ్మను పదిహేను రోజులకు మళ్ళీ అక్కడికే రివ్యూకు తీసుకుపోవాలి. గొడవ పెట్టుకుంటే వైద్యం దగ్గర ఏమైనా తేడా చేస్తారా?

---

కేసీ కెనాల్:

అన్నా, ముందు అమ్మ కోలుకోవాలి. ఆ మూడో ప్రశ్నకు ముందు చెప్తా. డాక్టర్లకు, నర్సులకు స్టాండుతో ఏ సంబంధం ఉండదు, చాలాచోట్ల స్టాండు ఎవరికి ఇచ్చినారో కూడా వాళ్ళకు తెలీదు. మీరు ఆఫీసులో కాగితం ఇస్తే అది మేనేజర్ టేబుల్ మీదికి పోతుంది గాని అమ్మ కేసు షీటులోకి పోదు. దాని గురించి భయపడొద్దు.

నేను నాలుగేళ్ళు ఒక స్టాండులో పని చేసినా (ఆసుపత్రి కాదు, బస్టాండు దగ్గర), కాబట్టి లోపల సంగతి కొంచెం తెలుసు. స్థలం ఉన్నవాళ్ళు నెలకింత అని స్టాండును కాంట్రాక్టరుకు ఇస్తారు. ఆయన ఇద్దరు ముగ్గురు పిల్లోళ్ళను కూలికి పెడతాడు. సాయంత్రం చీటీ బుక్కులో తెగిన చీటీలకు, చేతిలో ఉన్న డబ్బుకు లెక్క సరిపోవాలి, తక్కువైతే కూలిలో కోత. చీటీ లేకుండా బండి వదిలి, ఆ బండి అసలు వేరేవాళ్ళదైతే ఆ పిల్లోడి బతుకు ఆ నెలకు అయిపోయినట్లే. అందుకే చీటీ పోయిందంటే ఆర్సీ అడుగుతారు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు బుక్కులో రాయించుకొని సంతకం పెట్టించుకుంటారు. అంతవరకు న్యాయమే. ఆ 200 ఫైను మాత్రం మా స్టాండులో బుక్కులోకి ఎక్కేది కాదు. మనిషి తొందరలో ఉన్నాడని తెలిస్తే నోటికొచ్చినంత అడిగేవాళ్ళు. ఆసుపత్రి గేటు దగ్గర తొందరలో లేని మనిషి ఎవరుంటారు చెప్పండి.

ఇంకొకటి, ఆర్సీ కాగితమే ఉండాలని లేదు. ఫోన్లో డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో (రెండూ ప్రభుత్వ యాప్‌లే) చూపిస్తే పోలీసులే ఒప్పుకుంటారు, స్టాండులో ఒప్పుకోక ఏం చేస్తారు. ఈ రోజే పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని: కర్నూలులో ఎవరైనా ఉంటే పంపి ఆ బోర్డు ఫోటో తీయించండి. పైనుంచి కింద అంచు దాకా మొత్తం. అక్కడ ఏముందో చూడకుండా ఎవరు ఏం చెప్పినా గాల్లో మాటే.

---

బళ్ళారి చౌరస్తా:

నేను కోర్టు పని చేసేవాడిని, కర్నూలే. ఫైలు చూడకుండా గ్యారంటీ మాటలు చెప్పను గాని, మీకు పనికొచ్చేవి చెప్తాను.

జీవో సంగతి. మీరు విన్నది తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ఇచ్చిన జీవో 63. మాల్స్, మల్టీప్లెక్సుల లాంటి వాటిలో మొదటి అరగంట పార్కింగుకు డబ్బు తీసుకోకూడదు, ఆ తర్వాత అక్కడ కొన్న బిల్లు చూపిస్తే మినహాయింపు, ఇదీ దాని సారం. తుంగభద్ర దాటి తెలంగాణలోకి పోతే చెల్లుతుంది, మనకు కాదు. మన రాష్ట్రంలో కూడా 2025 ఏప్రిల్ నుంచి ఇలాంటి నియమం వచ్చింది, కానీ అదీ మాల్స్, మల్టీప్లెక్సులను ఉద్దేశించిందే. దాన్ని పట్టుకొని ఆసుపత్రి మీదికి పోతే మొదటి నిమిషంలోనే మీ మాట తేలిపోతుంది. దాన్ని వదిలేయండి. సొంత స్థలంలో పార్కింగుకు డబ్బు తీసుకోవడమే తప్పని మీరు వాదించనక్కర్లేదు.

మీ బలం వేరే చోట ఉంది. బోర్డు మీద ఫైను మాట లేకపోతే, లేని ఫైను తీసుకున్నట్లే. పైగా డబ్బు తీసుకొని రసీదు ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(47) చదవండి, సేవకు డబ్బు తీసుకొని బిల్లో రసీదో ఇవ్వకపోవడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో పేరు పెట్టి చేర్చారు. "చీటీయే రసీదు" అన్న మాట 20 రూపాయలకు సరిపోతుంది, 460కి సరిపోదు. ఫోన్‌పేలో పోయింది కాబట్టి తేదీ, టైము, ఎవరికి పోయిందో అన్నీ మీ దగ్గరే ఉన్నాయి. ఆ స్క్రీన్‌షాట్ వేరే ఫోనుకు కూడా పంపి పెట్టుకోండి.

గొలుసు గురించి. రోడ్డు మీద అడ్డంగా వదిలేసిన బండికి తాళం వేసే అధికారం మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఇచ్చింది, స్టాండు కుర్రాడికి కాదు. మనిషిని పోనీయకుండా నిలబెడితే భారతీయ న్యాయ సంహిత 126 కిందికి వస్తుంది (పాత ఐపీసీలో 341). బండికి గొలుసు వేయడం దాని కిందికి వస్తుందా రాదా అన్నది వాదనకు లోబడిన విషయం, కాబట్టి దాన్ని ముందు పెట్టుకోవద్దు. ఆ క్షణంలో 112కు ఫోన్ చేసి ఉంటే కానిస్టేబుల్ వచ్చి ఆర్సీ చూసి వదిలించేవాడు. ఇప్పుడు ఇన్ని రోజుల తర్వాత ఠాణాకు పోతే 460 రూపాయలకు నాలుగు రోజులు తిరగాలి, ఆ దారి నేను చెప్పను.

నేను చెప్పే దారి ఇది. ఆసుపత్రి మేనేజర్ పేరిట ఒక పేజీ ఉత్తరం, రెండు కాపీలు, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోం అంటే స్పీడ్ పోస్టులో పంపండి. కాంట్రాక్టరు వేరే అంటారు, తప్పకుండా అంటారు. మీ స్థలంలో, మీ గేటులో, మీ పేషెంట్ల దగ్గర వసూలు చేస్తున్నాడు కాబట్టి మీకే రాస్తున్నాను అని ఉత్తరంలోనే ముందుగా రాయండి. పదిహేను రోజుల గడువు పెట్టండి. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వేయొచ్చు, మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. చాలా సందర్భాల్లో ముద్ర వేసిన ఆ కాపీ దగ్గరే తేలిపోతుంది.

---

నందికొట్కూరు రోడ్డు:

మా నాన్నకు వారానికి మూడు సార్లు డయాలసిస్, రెండేళ్ళుగా. నెలకు పన్నెండు పదమూడు సార్లు పోతాం, పోయినప్పుడల్లా 20. ఆ డబ్బుతో నాన్నకు నెల మాత్రల్లో ఒక రకం వచ్చేది. ఒక రోజు బిల్లింగ్ కౌంటర్‌లో అమ్మాయిని ఊరికే అడిగాను, రోజూ వచ్చేవాళ్ళకు పాసు ఏమైనా ఉందా అని. ఉందట! అడిగితేనే ఇస్తారట. నాన్న ఐపీ నంబరు (ఆసుపత్రిలో పేషెంటుకు ఇచ్చే నంబరు), నా బండి నంబరు రాసి చిన్న కార్డు ఇచ్చారు, నెలకు 100. ఏడాదిన్నర నేను అడగక పోగొట్టుకున్నది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఎక్కడ చేర్చినా సరే, అడ్మిషన్ రోజే కౌంటర్‌లో అడగండి, తోడుగా ఉన్నవాళ్ళ బండికి పాసు ఉందా అని. అన్ని చోట్లా ఉండదు, కానీ అడగకపోతే ఉన్నచోట కూడా రాదు.

తమ్ముడూ, ఇంకొక సంగతి కూడా చూడు. మీరు బండి పెట్టింది కాంపౌండు లోపలా, బయట రోడ్డు మార్జిన్లోనా? ప్లానులో సెల్లార్ పార్కింగుకు అని చూపించి, తర్వాత అక్కడ మందుల షాపో ల్యాబో పెట్టిన చోట్లు ఉన్నాయి. బండ్లు రోడ్డు మీదికి వస్తాయి, ఆ రోడ్డు మీదే తాడు కట్టి వసూలు చేస్తారు. రోడ్డు కార్పొరేషన్‌ది. అక్కడ ఆశీలు వసూలు చేయాలంటే కార్పొరేషన్ వేలం పాడుకొని ఉండాలి. అలాంటిదైతే సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్ (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఉంటుంది కదా, అక్కడ అర్జీ ఇవ్వొచ్చు, లేకపోతే ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేయొచ్చు. వేలం జరిగిందా, రేటు ఎంత, అని పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెడితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

---

ఆదోని పత్తి:

ఒక డౌటు. చీటీ మీద "వాహనము యజమాని సొంత బాధ్యతపై" అని అచ్చు వేస్తారు కదా, అంటే బండి పోయినా మనం ఏం అనకూడదా?

---

బళ్ళారి చౌరస్తా:

అట్ల కాదు. 1998లో ఢిల్లీలో ఒక పెద్ద హోటల్లో తాళం చెవి సిబ్బంది చేతికిచ్చి లోపలికి పోయిన ఆయన కారు పోయింది. టోకెన్ మీద మీరు చెప్పిన మాటే అచ్చు వేసి ఉంది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు, మీ నిర్లక్ష్యం వల్ల పోతే ఆ మాట మిమ్మల్ని కాపాడదు అని హోటల్ మీదే బాధ్యత పెట్టింది. అక్కడ గట్టి పాయింటు తాళం చెవి వాళ్ళ చేతిలో ఉండటం. మనమే బండి పెట్టి, హ్యాండిల్ లాక్ వేసుకొని, తాళం మనమే తెచ్చుకుంటే కేసు అంత సులువు కాదు, వాదించాలి. కారు తాళం ఇచ్చినప్పుడు చీటీ ఫోటో తప్పనిసరిగా తీసుకోండి.

---

హంద్రీ ఒడ్డు:

అందరికీ చాలా థాంక్స్. స్టాండు కాంపౌండు లోపలే అక్కా, రోడ్డు మీద కాదు.

కేసీ కెనాల్ అన్న చెప్పినట్లు మా మేనమామ కొడుకును పంపి బోర్డు ఫోటో తీయించినా. వాడు రెండు ఫోటోలు పంపినాడు. మొదటి దాంట్లో "టూ వీలర్ 20" అని పెద్ద అక్షరాలతో ఉంది, దాని కింద ఏదో క్యాంపు ఫ్లెక్సీ ఆనించి పెట్టినారు. వాడు ఆ ఫ్లెక్సీ పక్కకు జరిపి రెండో ఫోటో తీసినాడు. కింద చిన్న అక్షరాలతో "24 గంటలకు" అని ఉంది. పన్నెండు కాదు! ఫైను మాట ఎక్కడా లేదు. అంటే ఏడు రోజులకు 140, నేను ముందే ఇచ్చిన 20 పోతే 120 కట్టాలి, 460 కట్టించుకున్నారు. 340 ఎక్కువ.

---

కేసీ కెనాల్:

ఇంకేం కావాలన్నా. ఉత్తరంలో వేరే కథ ఏం రాయొద్దు. ఆ లెక్క, ఆ రెండు ఫోటోలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్, డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీ. స్టాండు పిల్లోడి పేరు రాయొద్దు, వాడిని పనిలోంచి తీసేసి చేతులు దులుపుకుంటారు. ఏం జరిగిందో రాయండి చాలు.

---

హంద్రీ ఒడ్డు:

నిన్న రివ్యూకు పోయొచ్చినాం. ముందు అమ్మను డాక్టరుకు చూపించి, మందులు తీసుకొని, తర్వాత ఆఫీసుకు పోయినా. మేనేజర్ మొదట బళ్ళారి చౌరస్తా సార్ చెప్పిన మాటే అన్నాడు, కాంట్రాక్టరు వేరే అని. ఉత్తరంలో దానికి జవాబు ఉంది కదా, చదవమని ముందు పెట్టినా. రెండో ఫోటో చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. చీటీ పోతే ఫైను అనేది మా నియమాల్లో లేదని 200 క్యాష్ కౌంటర్ నుంచి అప్పుడే ఇప్పించినాడు, ఓచరు మీద సంతకం పెట్టినా. మిగతా 140 కాంట్రాక్టరును పిలిపించి మాట్లాడతామన్నారు. కాపీ మీద ముద్ర వేయించుకున్నా, తేదీ పక్కన "140 బాకీ" అని నేనే రాస్తే ఆయన దాని కింద సంతకం పెట్టినాడు. పదిహేను రోజులు చూస్తా, రాకపోతే 1915కు చేస్తా.

కౌంటర్‌లో పాసు అడిగినా అక్కా. లేదన్నారు. బయటికొస్తూ చూస్తే ఫ్లెక్సీ మళ్ళీ అక్కడే ఆనించి ఉంది. నేనే తీసి గోడ పక్కన పెట్టొచ్చినా.